రెప్ప మార్పిడి

మూడు కుర్చీలు వేశాను, తీశాను, మళ్లీ వేశాను. ఈ వేళప్పుడు మా మిద్దె మీద నీడ మెట్లగది గోడ దగ్గర మొదలై నీళ్ల ట్యాంకు దాకా పాకుతుంది. ఆ నీడలో కూర్చుంటే మొహాల మీద వెలుతురు సమంగా పడుతుంది, కళ్లు చికిలించాల్సిన పని ఉండదు. ఇంకాసేపు ఆగితే అదీ పోతుంది, పొద్దు కొండ వెనక్కి దిగిందంటే తిరుపతిలో ఇక సాయంత్రమనేది ఉండదు, ఒకటే చీకటి. వస్తామన్నారు. ఇద్దరూ వస్తామన్నారు. అన్న ధనశేఖర్ నాయుడుపేట నుంచి, తమ్ముడు మునికృష్ణ బంగారుపాళ్యం నుంచి. ఒకరి మొహం ఒకరు చూడకుండా ఇన్నేళ్లు గడిపిన మహానుభావులు ఈ రోజు నా మిద్దె మీద, నాకు అటొకరు ఇటొకరు కూర్చోబోతున్నారు. నడిమి కుర్చీ నాది. పుట్టుకలోనూ నేను నడిమిదాన్నే, అన్న తర్వాత, తమ్ముడికి ముందర. ఒక కుర్చీ కాలు ఊగుతుంటే దాని కింద అట్టముక్క మడిచి పెట్టి, దాన్ని నాకే ఉంచుకున్నాను. అన్నకు ఊగే కుర్చీ వేస్తే అంతే సంగతులు, లేచిపోతాడు, ఆయనకు సాకు దొరికితే చాలు. రానీ, ముందు రానీ. మేం ముగ్గురం ఒక్క ఫోటోలో పడాలి, అందులో నేను ఉండాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

ఎదురుగా స్టాండు మీద నాయన కెమెరా నిలబడి ఉంది. చెక్క పెట్టె, ముందర తోలు మడతలు, వెనక బొమ్మ పడే గరుకు అద్దం, దాని మీద కప్పుకునే నల్లగుడ్డ. పెట్టె ముక్కున జర్మనీ లెన్సు. చూసేవాళ్లకు అది ఒకటే అనిపిస్తుంది గానీ ఒకటి కాదు, ముందర ఒక గాజు ముక్క, వెనక ఒక గాజు ముక్క, రెండింటి నడుమ షట్టరు. అటుదాన్ని అటునుంచి, ఇటుదాన్ని ఇటునుంచి మర తిప్పి షట్టరుకు బిగిస్తారు. గాజుకు చావు లేదు, కింద పడేసుకోకపోతే మనకంటే ఎక్కువ బతుకుతుంది. చచ్చేది షట్టరే, తెరుచుకోవడం మూసుకోవడం, పనంతా దాని నెత్తినే కదా. నాయన దాన్ని కన్నూ రెప్పా అనేవాడు. “కన్ను బాగానే ఉండాది పాపా, రెప్ప పోయింది. రెప్ప మారిస్తే సాలు.” ఆయన చేతుల మీదుగా ఈ కన్నుకు ఒకసారి రెప్ప మారింది, ఇప్పుడు నా చేతుల మీదుగా ఇంకోసారి. వేలూరులో మూసేసిన స్టూడియో నుంచి, పాస్‌పోర్టు ఫోటోల కెమెరాకున్న జపాను షట్టరును ఊడదీయించి తెచ్చుకున్నాను. నొక్కితే చిటిక వేసిన చప్పుడు. పొద్దున్నుంచి ఉత్తుత్తిగా ఎన్నిసార్లు నొక్కి విన్నానో! ఒక్కటే లోటు దీనికి. పాతదాని పక్కన చిన్న మీట ఉండేది, దాన్ని వదిలితే బుర్రుమని కాసేపు తిరిగి, తీసేవాడు పరుగెత్తుకొచ్చి తానూ కూర్చున్నాక తెరుచుకునేది. ఈ జపానుదానికి అది లేదు. తీసేవాళ్లు తీయాలి, కూర్చునేవాళ్లు కూర్చోవాలి. అందుకే గాలి ఊది షట్టరును నొక్కే పొడుగాటి రబ్బరు గొట్టం, దాని చివర నిమ్మకాయంత బుడ్డి తెప్పించి, చాప కిందనుంచి పోనిచ్చి నడిమి కుర్చీ దగ్గర పైకి తీశాను. కూర్చుని, కుచ్చిళ్ల కింద పాదంతో బుడ్డిని తొక్కితే చాలు. ఎవరికీ కనబడదు. తీసేదాన్నీ నేనే, పడేదాన్నీ నేనే.

ఎవరైనా వింటే నవ్వుతారు, ఫోటోగ్రాఫరు కూతురికి ఫోటో లేకపోవడమేంటని. లేదు మరి. చిత్తూరు బజారు వీధిలో నాయన స్టూడియో నడిచినన్నాళ్లూ ఆ గాజులోంచి ఎందరి మొహాలు పోలేదు! హైస్కూలు బ్యాచీలు, పెళ్లిపందిట్లో అలిగి కూర్చున్న వియ్యాలవాళ్లు, కొండ దిగి నున్నటి గుండ్లతోనే ఫోటో కావాలని వచ్చిన కొత్త జంటలు, మా వంశం రాజులకు దివాన్‌గిరీ చేసిందని కార్వేటినగరం నుంచి బస్సు దిగి మీసం దువ్వుకున్న ముసలాయన. ఆఖరికి చచ్చిపోయినవాళ్లను కూడా, కుర్చీలో కూర్చోబెట్టి, దవడకు గుడ్డ కట్టి, చుట్టూ బిడ్డలు నిలబడితే నాయన వెళ్లి తీసి వచ్చేవాడు. ఆ శవాలకు ఫోటో ఉంది, నాకు లేదు. వాళ్లను తీసేటప్పుడు నేను పక్కన తెల్లగుడ్డ పట్టుకుని వెలుతురు మళ్లిస్తున్నాను, లేదంటే చీకటి గదిలో ఎర్రబల్బు కింద మందు తొట్టి ఊపుతున్నాను. పెళ్లిచూపులప్పుడు మా అత్త నా వేళ్లు పట్టి చూసి, “ఏమ్మా, గోళ్లు ఇట్లా నల్లంగుండాయి, రోగమేమన్నానా?” అనడిగింది. మందులో నానీ నానీ అట్లా అయ్యాయని చెప్పడానికి అమ్మకు నోరు రాలేదు, గోరింటాకు ముదిరిందని బుకాయించింది. మా ఇంటిల్లిపాదీ ఉన్న ఫోటో అంటూ ఒకటుంది, ఆ పాత మీటతో తీసిందే. నాయన మీట వదిలి పరుగెత్తుకొచ్చి అమ్మ పక్కన కూర్చున్నాడు. తమ్ముడి కాలరు మడతపడి ఉంది, చూసి ఊరుకోవచ్చు కదా, నేను లేచి సర్దాను. స్టూడియోలో వెలుతురు తక్కువ, రెప్ప నిదానంగా తెరుచుకుని నిదానంగా మూసుకుంది. ఫోటోలో అమ్మ ఉంది, నాయన ఉన్నాడు, అన్న చేతులు కట్టుకుని ఠీవిగా ఉన్నాడు, తమ్ముడి కాలరు ఎంత చక్కగా ఉందో! వాడి మెడ దగ్గర తెల్లటి పొగ ఒకటుంది, ఆ పొగ నేను. అన్న పిల్లలు దాన్ని చూసి, “అత్తా, ఇదేంది, దయ్యమా?” అంటే అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వక ఏం చేస్తాను.

అయినా ఆ స్టూడియో మీద నాకు కోపం లేదు. నన్ను ఒక మనిషిగా లెక్కలోకి తీసుకున్న చోటు అదొక్కటే. మొదటి షట్టరు చచ్చిపోయి, మద్రాసు నుంచి తెచ్చిన రెండోదాంట్లోకి నాయన లెన్సు మార్చినప్పుడు నాకింకా పావడాలు కట్టే వయసు. మర కుదిరింది, ముందు ముక్క బిగుసుకుంది, వెనక ముక్క బిగుసుకుంది, అయిపోయిందని అన్న ఈల వేసి సినిమాకు వెళ్లిపోయాడు. నాయన ఒప్పుకోలేదు. గోడకు న్యూస్‌పేపరు అతికించి, దాని బొమ్మ గరుకు అద్దం మీద పడేట్టు సర్ది, భూతద్దం నా చేతికిచ్చి నల్లగుడ్డ కిందికి తోశాడు. “మూల అక్షరం సదువు పాపా.” అన్నీ తలకిందులు. నడుమ అక్షరాలు గుండ్రంగా, నల్లగా, వేలితో ముట్టుకోవచ్చు, మూలల్లో మాత్రం అలుక్కుపోయాయి. “మూలలు మబ్బుగా ఉండాయి నాయనా.” ఈ షట్టరు ముందుదానికంటే రవ్వంత పల్చన, అందుకే రెండు గాజుల నడుమ ఎడం చాలలేదన్నాడు. కాగితం గుండ్రంగా కత్తిరించి ముందు ముక్క కింద పెట్టాడు. ఇప్పుడు? కొంచెం మేలు. ఇంకొంచెం మందం కాగితం. ఇప్పుడు? ఎక్కువైంది. చివరికి పల్చటి ఇత్తడి రేకును రింగుగా కోసి, సానరాయి మీద అరగదీసి, ఊది, తుడిచి, పెట్టి బిగించాడు. మూలలో తప్పిపోయినవాళ్ల ప్రకటన ఉంది. అక్షరం అక్షరం లేచి నిలబడింది, చామనఛాయ, ఎర్ర చొక్కా, ఎడమ బుగ్గ మీద మచ్చ, గడగడా చదివేశాను. గుడ్డ కిందనుంచి బయటికి రాగానే నాయన నా నెత్తిన చెయ్యి పెట్టాడు. “ఈ రింగుండాదే, ఇది లెన్సులో భాగమే పాపా. ఇది లేకుంటే అటుదీ ఇటుదీ వట్టి గాజుముక్కలు.” అన్న థియేటర్లో ఉన్నాడు, తమ్ముడు వీధిలో గోలీలాడుతున్నాడు. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే.

నాయన పోయాక భాగాలకు ఎల్లప్ప మామను పెద్దమనిషిగా కూర్చోబెట్టారు. మామిడితోటల్ని చెట్టు చెట్టుగా పంచి, ఉమ్మడి బావిని పూటపూటగా పంచి, ఎవరితోనూ మాట పడని మొనగాడాయన. అంగడి అన్నకు, ఇల్లు తమ్ముడికి, ఇత్తడి సామాన్లు తూకం వేసి చెరిసగం. ఆడబిడ్డను కదా, కాఫీలు అందించడం నా భాగం. అంతా సాఫీగా జరిగి లెన్సు దగ్గర ఆగింది. నాకంటే నాకని ఇద్దరూ మొండికేశారు. మామ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, “ఇది ఇప్పితే రెండు ముక్కలౌతాది గదప్పా? ఇంక తగువేముండాది? ముందరిది పెద్దోనికి, యనకది సిన్నోనికి” అన్నాడు. ఆహా, సభంతా ఆ తెలివికి తలకాయలూపింది! నేను వంటింటి గడపలో నిలబడి, “మామా, అది కన్ను. కన్నును కోసి పంచుతారా?” అన్నాను. “నువ్వుండు మే” అన్నాడు అన్న. ఉన్నాను. నడుమ షట్టరు మిగిలింది. చలికి నిదానించిందని తమ్ముడు దాంట్లో కుట్టుమిషను నూనె పోసి ఉన్నాడు, లోపలి ఆకులు ఒకదానికొకటి అతుక్కుపోయి మళ్లీ విడివడలేదు. తలుపు కీలుకు పోసినట్టు పోశాడు వెధవ! ఆ చచ్చిన షట్టరునూ, చెదలు తాకిన చెక్క పెట్టెనూ నా వైపు తోశారు. “ఆడబిడ్డ ముచ్చట పడతాంది, తీసుకోని పోనీ” అన్నాడు మామ. అంతా పంచుకున్నాక పంచలేనిది ఒకటి తేలింది, నాయన పేరు. చెంగల్రాయుడు స్టూడియో అన్న బోర్డు నాదంటే నాదని, ఇద్దరూ వీధిలో చొక్కాలు పట్టుకున్నారు. ఆ తర్వాత అన్న అంగడి అమ్మి నాయుడుపేట చేరి, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు మెడలో వేసుకునే కార్డుల ఫోటోలు తీసుకుంటున్నాడు. తమ్ముడు ఇల్లు అమ్మి, హైవే పక్కన ఫ్లెక్సీలు వేసుకుంటున్నాడు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకూ రాజకీయ నాయకుల పుట్టినరోజులకూ. పెళ్లిళ్లలో, చావుల్లో, ఒకడు ఈ గుమ్మంలోంచి వస్తే ఇంకొకడు ఆ గుమ్మంలోంచి పోయేవాడు. మధ్యలో నేను. అన్నకు సుగరంట కదా అని తమ్ముడికి చెప్పేదాన్ని, తమ్ముడి కొడుకు పాసయ్యాడంట అని అన్నకు చెప్పేదాన్ని. ఊఁ అనేవాళ్లు. ఆ ఊఁ కోసం నా ఫోను చార్జీ అంతా అయిపోయేది.

వేలూరు షట్టరు దొరికిన రోజు ఇద్దరికీ ఫోను చేశాను. మీ ముక్కలు పంపించండి, నాయన లెన్సు మళ్లీ కడతాను, కట్టాక మన ముగ్గురం ఒక ఫోటో తీసుకుందాం, అంతే నేనడిగేది అన్నాను. బతిమాలాల్సి వస్తుందనుకుని రాత్రంతా మాటలు కూర్చుకున్నాను. అక్కర్లేకపోయింది. అన్న సరేనన్నాడు, తమ్ముడూ సరేనన్నాడు. అప్పుడు కూడా నా బుర్రకు అనుమానం రాలేదు చూడండి, ఎంత వెర్రిదాన్నో, తోబుట్టువులు కదా, రక్తం కదా, మెత్తబడ్డారనుకున్నాను. ముక్కలు వచ్చాయి. విప్పి చూసి నెత్తి కొట్టుకున్నాను. ఇద్దరూ వాటిని దేవుడి గూట్లో పెట్టి పూజ చేశారు! ఏటేటా ఆయుధ పూజకు గంధం, కుంకుమ, దాని మీద ఇంకో ఏడు గంధం, ఇంకో ఏడు కుంకుమ. మర చుట్లన్నీ ఎర్రటి మట్టితో పూడిపోయాయి. అన్న ముక్క మీదైతే కర్పూరం పొగ చారలు కట్టి, గాజు అంచున బూజు వేర్లు పోసింది. దండం పెట్టుకున్నారు గానీ ఒక్కరైనా, ఒక్కసారైనా, దాంట్లోంచి చూశారా? పళ్లుతోముకునే బ్రష్షుతో, గుండుసూదితో, స్పిరిటు అద్దిన దూదితో చుట్టు చుట్టూ తోడి తీశాను. కింద పరిచిన పేపరు మీద చిటికెడు చిటికెడు కుంకుమ పోగుపడింది. పారేయడానికి మనసొప్పక తులసి కుండీలో పోశాను. మా ఆయన జిరాక్సు అంగడి మూసుకుని వచ్చి, “ఎందుకు మునిలక్ష్మీ ఇంత యాతన, సెల్లులో తీస్తే పడదా ఫోటో?” అన్నాడు. పాపం, మంచి ఉద్దేశంతోనే అన్నాడు. అయినా నాకు ఒళ్లు మండింది, ఆ రాత్రి ఆయనకు చారు వేడి చేయలేదు.

రెండు ముక్కలూ జపానుదాంట్లో బిగించి, నాయన చేసినట్టే గోడకు పేపరు అతికించి, నల్లగుడ్డ కిందికి దూరాను. నడుమ బాగుంది, మూలలు అలుక్కుపోయాయి. తెలుసు నాకు, రింగు లేదు కదా. వాళ్ల ముక్కలతో రాలేదు, వచ్చే వీలే లేదు, ఆ రోజు మామ ముక్కలు విప్పినప్పుడు అది ఊడి వచ్చి ఉంటే రేకు ముక్కని పారేసేవాడు. బీరువా అడుగునుంచి చచ్చిన షట్టరు తీశాను. నా భాగం! దాని గొంతులో, తమ్ముడు పోసిన నూనె జిడ్డుగా గడ్డకట్టిన చోట, సూదితో గీకితే పచ్చగా మెరిసింది. నూనెకు అతుక్కుని ఉండిపోయింది. వాడి తెలివితక్కువతనమే దాన్ని నాకు దక్కించింది. స్పిరిటులో కడిగి, ఈ షట్టరుకు కూడా అదే మందం సరిపోవాలని వేంకటేశ్వరుడికి మొక్కి, ముందు ముక్క కింద పెట్టి బిగించాను. మళ్లీ గుడ్డ కింద. భూతద్దం మూలకు జరిపాను. పిండిమిల్లు ప్రకటన, అందులో ఫోను నంబరు, ఒక్కో అంకె విడివిడిగా. ఏడ్చాను. దాచుకోవడమెందుకు, నల్లగుడ్డ కింద ఎవరు చూస్తారు, వెక్కి వెక్కి ఏడ్చాను. మూల అక్షరం చదివాను నాయనా అన్నాను పైకే. వెలుతురు ఎంత లోపలికి వదలాలో చూపే అంకెలు ఈ షట్టరు మీద వేరే లెన్సువి కనుక, దాని మీద కాగితం అతికించి కొత్త గీతలు గీశాను, అదీ అయింది. ఆ సాయంత్రం అన్నకు చెబితే, “అన్ని స్పీడ్లూ పనిచేస్తాండాయా?” అన్నాడు. తమ్ముడికి చెబితే వాడూ, “అన్ని స్పీడ్లూ పనిచేస్తాండాయా అక్కా?” అన్నాడు. ఒకే మాట, అక్షరం పొల్లుపోకుండా. ఒక్క కడుపున పుట్టినవాళ్లు, ఎంతైనా ఒక్క తీరే అని మురిసిపోయాను.

నీడ ట్యాంకును దాటుతోంది. కింద వీధిలో గుండ్లు పోతున్నాయి, గంధం పూసుకున్న గుండ్లు, తెలంగాణ గుండ్లు, తమిళ గుండ్లు, ఆటోవాడు అలిపిరి అలిపిరి అని అరుస్తున్నాడు. పక్క మిద్దె మీద పంజాబీ డ్రస్సు పిల్ల బట్టలు తీస్తూ నన్నూ కెమెరానూ వింతగా చూస్తోంది. పట్టుచీర ఎక్కువైందేమో. ఎక్కువైతే ఏం, ఇది నా ఫోటో. అద్దంలో చూసుకున్నాను, పాపిట్లో తెల్లవెంట్రుకలు, మెడ కింద ముడతలు, పడనీ, అన్నీ పడనీ, ఈ లెన్సు ఏదీ దాచదు, దాచొద్దు. ఇద్దరూ ఒకేసారి వస్తే మొదట ఎవరిని పలకరించాలి? అన్ననే. తమ్ముడు చిన్నబుచ్చుకోడు. కాఫీ ముందా ఫోటో ముందా? ఫోటోనే, కాఫీ దగ్గర పాత మాటలు లేస్తాయి. ఎవరైనా ఒకరు రాకపోతే? అన్న వచ్చి, తమ్ముడు రాక, వాడొస్తే నేనుండనని అన్న మెట్లు దిగిపోతే? కారు ఆగింది. పిట్టగోడ పట్టుకుని వంగి చూశాను. ముందు తలుపులోంచి అన్న దిగాడు. డ్రైవరు తలుపులోంచి తమ్ముడు దిగాడు. ఒకే కారు. గుండె ఝల్లుమంది, సంతోషంతోనే, దేవుడా, దారిలో కలిశారేమో, బస్టాండులో చూసి ఎక్కించుకున్నాడేమో. మెట్ల మీద వాళ్ల మాటలు వినిపించాయి. తమ్ముడేదో అన్నాడు, అన్న పకపకా నవ్వాడు. నాయన నవ్వే అచ్చం. ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి కలిసినవాళ్లు అట్లా నవ్వరు. ఆ నవ్వు రోజూ కలిసేవాళ్లది.

“ఏం మే, అంతా రెడీనా?” అన్నాడు అన్న ఆయాసపడుతూ. తమ్ముడి చంకలో తువ్వాలులో చుట్టిన పలకలాంటిది ఉంది. “మీరిద్దరూ…” అన్నాను. “ఉగాదికే కలిసినాం గదా” అన్నాడు అన్న, “వీడు సెప్పలేదా నీకు?” తమ్ముడు నాలుక కరుచుకున్నాడు. “అన్న సెప్పినాడనుకుంటి అక్కా.” ఉగాది. ఉగాది నుంచి ఎన్నిసార్లు ఫోను చేశాను, అన్నకు సుగరు తగ్గిందంట అని తమ్ముడికి, తమ్ముడికి పని బాగుందంట అని అన్నకు! ఊఁ అన్నారు. ఊఁ, ఊఁ అని ఇద్దరూ ఒక ఇంట్లోనే కూర్చుని వింటూ ఉన్నారేమో. తమ్ముడు ఫోను తీసి చూపించాడు. వాళ్ల పిల్లలిద్దరూ కలిసి తిరుపతిలోనే స్టూడియో తెరుస్తున్నారు, పెళ్లివాళ్లకు పాతకాలం ఫోటోలంటే ఇప్పుడు మోజంట, నాయన కెమెరాను వాకిట్లోనే పెడతారంట. బోర్డు తమ్ముడే వేశాడు. చెంగల్రాయుడు అండ్ సన్స్. పేరు ఎవరిదన్న తగువు అట్లా తెగింది, ‘సన్స్’ అని రాసుకుంటే సరిపోయింది. కింద ఫోటోకు ఖాళీ వదిలారు, అందులో మూడు గుండ్రాలు గీసి ఉన్నాయి. నా కళ్లు ఆ నడిమి గుండ్రం మీదే నిలబడ్డాయి. ఆశకు సిగ్గుండదు, అప్పుడు కూడా అది నాదేమో అనుకున్నాను.

తమ్ముడు తువ్వాలు విప్పాడు. చందనం దండ వేసిన నాయన పటం. దాన్ని తెచ్చి నడిమి కుర్చీలో నిలబెట్టాడు. కుర్చీ ఊగలేదు, నేను అట్టముక్క పెట్టాను కదా. అన్న అటు కూర్చున్నాడు, తమ్ముడు ఇటు కూర్చున్నాడు, చొక్కాలు సర్దుకున్నారు. “నాయన నడుమ ఉండాల మే, అప్పుడే అందం” అన్నాడు అన్న. “మరి నేను?” అన్నాను. నిజంగానే పైకి అన్నాను. అన్న నన్ను వింతగా చూశాడు. కోపం లేదు ఆ చూపులో, అదే నాకు ఎక్కడో కోసింది, కోపముంటే బాగుండేది. “నువ్వు తియ్యాల గదమ్మా. ఇంకెవురు తీస్తారు?” తమ్ముడు కాలికి తగిలిన గొట్టాన్ని లాగి, “ఇదేంది అక్కా, రబ్బరు పైపు?” అన్నాడు. ఏం లేదన్నాను. అడ్డంగా ఉందని చెప్పి కెమెరా నుంచి ఊడదీసి, చుట్టి ట్యాంకు పక్కన పడేశాను. “తొందరగా కానీ మే, వెలుతురు పోతాంది. అయినంక కెమెరా గూడా తీసుకోని పోతాం, కార్లో సోటుండాది” అన్నాడు అన్న. తీసుకుపోండి అన్నాను. నాకు ఏడుపు రాలేదు, నోరంతా చేదైపోయింది, చిన్నప్పుడు చీకట్లో చూసుకోక మందు నీళ్లు తాగితే వచ్చిన చేదు అది. “కొంచెం ఓపిక పట్టండి, లెన్సు మీద దుమ్ముండాది, తుడవాల” అన్నాను.

వాళ్లకు వీపు పెట్టి కెమెరా ముందర నిలబడ్డాను. ముందు ముక్కను ఎడమకు తిప్పితే మెత్తగా వదిలింది, ఎంత బాగా తోమానో మరను, ఎక్కడా పట్టలేదు. ఇత్తడి రింగు అరచేతిలోకి జారింది. ఎంత తేలిక, ఊదితే పోతుంది. కొంగు చివర ముడేసుకున్నాను. ముక్కను మళ్లీ బిగించాను, చివరిదాకా, గట్టిగా. వెనకాల వాళ్లు బోర్డుకు దీపాలు ఏ రంగువి పెట్టాలో మాట్లాడుకుంటున్నారు. వచ్చి నల్లగుడ్డ కప్పుకున్నాను. లోపల చీకటి, ఆ పాత చీకటే. గరుకు అద్దం మీద ముగ్గురూ తలకిందులుగా వేలాడుతున్నారు. నడుమ నాయన ఎంత స్పష్టంగా ఉన్నాడో, దండలో పూస పూసా కనబడుతోంది. అటు అన్న, ఇటు తమ్ముడు, మొహాల అంచులు అలుక్కుపోయి, చెవులు గోడలో కలిసిపోయి, ఎవరైనా చెబితే తప్ప ఎవరో తెలియని పొగలు. ఎంత తిప్పినా అంతే, ఇక ఎవరు తిప్పినా అంతే. ఈ ఫోటోను నిలువెత్తు చేసి వాకిట్లో పెడతారు, ఆ పెట్టెతో ఊరి పెళ్లిళ్లన్నీ తీస్తారు, పాత లెన్సు కదా, వయసైపోయిందనుకుంటారు. నాయనా, నువ్వైతే ఒప్పుకోవు, తెలుసు. నువ్వే అన్నావు కదా, ఇది లేకుంటే వట్టి గాజుముక్కలని. ఎవరి ముక్క వాళ్లకు ఇచ్చేశాను, నా భాగం నేను ఉంచుకున్నాను. తెలిసి తెలిసి ఒక ఫోటో చెడగొట్టడం నా జన్మలో ఇదే మొదలు.

గుడ్డలోంచి బయటికి వచ్చి, ఫిలిం పెట్టి, మూత లాగాను. షట్టరును నొక్కే చేతి తీగ తగిలించి, దాన్ని పట్టుకుని కెమెరా పక్కన, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాను. తమ్ముడి కాలరు మడతపడి ఉంది. చూశాను, ఊరుకున్నాను.

“బాగుండామా మే?” అన్నాడు అన్న గడ్డం ఎత్తి.

“బాగుండారన్నా. కదలొద్దండి” అన్నాను. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. కొంగు ముడి ఒకసారి తడిమి చూసుకుని, నొక్కాను.